మారుతాళంతో చేసిన లెక్క

ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,
విజయనగరంలోని జె.ఎన్.టి.యు. గురజాడ ఉపకులపతి గారికి,
శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మేస్టారు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

విషయం: పరిశోధక విద్యార్థులు వాడే గణిత సాఫ్ట్‌వేర్ గురించి.

గౌరవనీయులారా,

కొన్నేళ్ళ కిందట ఒక ముసురు పట్టిన సాయంత్రం మా ఇంటికి ఒక కుర్రాడొచ్చాడు. పాలకొండ వైపు వాడు, డిగ్రీలో నా దగ్గర చదువుకున్నాడు. అప్పటికి పీహెచ్‌డీలో చేరి మూడో ఏడు. ఏ విశ్వవిద్యాలయంలోనో చెప్పను. చెప్పి ప్రయోజనమూ లేదు, ఏ క్యాంపస్‌లోనైనా జరిగేదే. చేతిలో లాప్‌టాప్ ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన మ్యాట్‌ల్యాబ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ క్రాక్ కాపీ ఎక్కించుకున్నాడు. దాంతోపాటు దిగిన వైరస్ ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసింది. రెండేళ్ళ లెక్కలు, గ్రాఫులు, సగం రాసిన అధ్యాయాలు ఏవీ తెరుచుకోవడం లేదు. కొనుక్కోలేకపోయావా అని అడగబోయి ఆగిపోయాను. వాడే అన్నాడు: ‘ఏటి సేస్తాం మేస్టారూ, కొందుమంటే డబ్బుల్లేవు, కొనకపోతే పేపరవదు.’

ఆ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత దొరికింది. ఆ జవాబు ఇంతమంది పిల్లలకు ఇన్నాళ్ళుగా అందకపోవడమే నాకు వింతగా ఉంది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. ఇది మీ మీద ఫిర్యాదు కాదు. మీ చేతిలో ఉన్న, పెద్దగా ఖర్చు లేని ఒక పని గురించి విన్నపం.

ముందు డబ్బు సంగతి. నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తున్నాయి. నెట్ లేకుండా పీహెచ్‌డీ చేసేవారికి యూజీసీ ఇచ్చే 8,000 రూపాయల సాయం కేంద్రీయ విశ్వవిద్యాలయాల వారికే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామంది స్కాలర్లు పొద్దున జూనియర్ కాలేజీలో క్లాసులు చెప్పి, మధ్యాహ్నం గైడును కలిసి, రాత్రి థీసిస్ రాసుకునేవాళ్ళే. ఖరీదైన గణిత సాఫ్ట్‌వేర్‌ను విడిగా కొనాలంటే అసలు ప్యాకేజీకి ఒక ధర, ఒక్కో టూల్‌బాక్స్‌కు మరో ధర. కంపెనీ తన సరుకుకు ధర కట్టుకోవడం తప్పు కాదు. ఆ ధర భరించలేని పిల్లవాడిని అదే సరుకు వాడి తీరాలన్న పరిస్థితిలోకి నెట్టడమే తప్పు. ఆ తప్పు కంపెనీది కాదు, మనది.

మనం నెట్టాం, వాడు మారుతాళం వెతుక్కున్నాడు. క్రాక్ అంటే అంతే కదా, ఒకరి ఇంటికి ఇంకొకరు చేయించుకున్న మారుతాళం. ఇందులో ఒక చేదు హాస్యం కూడా ఉంది. పీహెచ్‌డీలో చేరిన ప్రతివారూ పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు చదవాలని యూజీసీ 2019 చివర్లో నిర్ణయించింది. ఇతరుల రాతను దొంగిలించరాదని ఆ కోర్సులో చెబుతాం. ఆ పాఠం నోట్సూ, క్రాక్ కాపీ సాఫ్ట్‌వేరూ ఒకే లాప్‌టాప్‌లో పక్కపక్కనే ఉంటాయి. గైడుకూ తెలుసు, స్కాలరుకూ తెలుసు. ఇద్దరూ ఆ మాటెత్తరు.

ఆ కుర్రాడి కథ అక్కడితో ఆగలేదు. వాడిది మన వైపు గణిత శాఖల్లో ఎంతోమంది చేసే సమస్యే. సాగుతున్న రేకు మీద నానోఫ్లూయిడ్ ప్రవాహం, అయస్కాంత క్షేత్రం, ఉష్ణ ప్రసారం. పాక్షిక అవకలన సమీకరణాలను సాధారణ అవకలన సమీకరణాలుగా మార్చి, రెండు చివర్ల షరతులు పెట్టి, మ్యాట్‌ల్యాబ్‌లోని బీవీపీ4సీ అనే ఫంక్షన్‌కు అప్పగించడం ఇందులో అలవాటైన దారి. ఆ ఫంక్షన్ వెనకున్న పద్ధతిని కియెర్జెంకా, షాంపైన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 2001లో వ్యాసంగా ప్రచురించారు. అలాంటి పద్ధతితోనే పైథాన్‌లోని సైపై లైబ్రరీలో సాల్వ్ బీవీపీ అనే ఫంక్షన్ ఉంది. దాని వివరణ పత్రంలో ఆ వ్యాసం పేరే ఉంటుంది. పైసా అక్కర్లేదు.

నేనూ వాడూ మా వరండాలో కూర్చుని ముందు బ్లాసియస్ సమస్య వేశాం. బల్లపరుపు పలక మీద ప్రవాహం, ఎమ్మెస్సీ పుస్తకాలన్నిటిలో ఉన్నదే. గోడ దగ్గర జవాబు 0.332 రావాలి. వచ్చింది. ఆ అంకె చూశాక వాడి మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. తర్వాత రెండు వారాలు వాడు నిద్రపోలేదనుకుంటాను, పోయిన లెక్కలన్నీ తిరగరాసుకున్నాడు. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. మొదటిసారి చేసినప్పుడు పక్కవాడి కోడ్ తెచ్చి అంకెలు మార్చాడు. రెండోసారి ప్రతి వరుసా తానే రాశాడు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఏమడిగినా తడుముకోలేదట.

ఇది ఒక్క ప్రవాహాల సమస్యకే పరిమితం కాదు. మన చుట్టూ జరిగే పరిశోధనల్లో చాలావాటికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరో, కనీసం ఉచిత సాఫ్ట్‌వేరో ఉంది. కొన్ని చెబుతాను.

మ్యాట్‌ల్యాబ్ రాతకు బాగా దగ్గరగా ఉండేది గ్నూ ఆక్టేవ్. అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు రసాయన రియాక్టర్ల డిజైన్ మీద రాసిన పాఠ్యపుస్తకానికి తోడుగా 1988 ప్రాంతంలో దీని ఆలోచన పుట్టింది. రాసినవాడు జాన్ ఈటన్. ఆ పేరు సంగీతంలోని ఆక్టేవ్ కాదు. ఆయనకు చదువు చెప్పిన కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరది. లెవెన్‌స్పీల్ పుస్తకం చదవకుండా మన దగ్గర ఏ కెమికల్ ఇంజనీరూ బయటికి రాడు. శిష్యుడు గురువుకు కట్టిన ఈ గుడిలోకి టికెట్ లేకుండా ఎవరైనా పోవచ్చు.

బీజగణితం వైపు రండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యు.ఎం. స్వామి, జి.సి. రావు గార్లు 1981లో ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ అనే భావనను ప్రవేశపెట్టారు. వారి శిష్యులు, ప్రశిష్యులు ఉత్తరాంధ్ర కాలేజీల్లో ఇప్పటికీ ఆ చెట్టుకే నీళ్ళు పోస్తున్నారు. ఈ రకం పరిశోధనలో ఒక నియమం నుంచి ఇంకో నియమం రాదని చూపించడానికి నాలుగైదు మూలకాలతో ఒక ఉదాహరణ కట్టాలి. కాగితం మీద పట్టికలు గీసి, కొట్టేసి, మళ్ళీ గీసి వారాలు పోతాయి. విలియం మెక్కూన్ రాసిన మేస్4 అనే చిన్న ప్రోగ్రాముకు నియమాలిచ్చి ‘దీన్ని తప్పించే ఉదాహరణ వెతుకు’ అంటే, చిన్న సైజుల్లో ఉన్నదాన్ని వెతికి పెడుతుంది. ఈ మెక్కూన్ ప్రోగ్రామే మరొకటి, దశాబ్దాలుగా ఎవరికీ లొంగని రాబిన్స్ సమస్యను 1996లో సాధించింది. గ్రూపుల మీద పనిచేసేవారికి జర్మనీలోని ఆహెన్‌లో 1986లో మొదలైన గ్యాప్ ఉంది. సంఖ్యావాదానికి ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టిన పారి ఉంది. ఇలాంటివన్నీ ఒకే చూరు కిందికి తెద్దామని విలియం స్టైన్ 2005లో మొదలుపెట్టినది సేజ్.

అక్షరాలతో అవకలనాలూ సమాకలనాలూ చేసే మాక్సిమా కథ వేరు. దాని పూర్వీకురాలు ఎంఐటీలో 1968లో మొదలైన మాక్‌సిమా అనే ప్రాజెక్టు. టెక్సస్‌లో విలియం షెల్టర్ అనే ప్రొఫెసర్ దాన్ని 1982 నుంచి ఒంటిచేత్తో కాపాడుకుంటూ వచ్చాడు. 1998లో అమెరికా ఇంధన శాఖ అనుమతి సంపాదించి లోకానికి విడుదల చేశాడు. 2001లో ఆయన పోయాడు. ప్రోగ్రాము పోలేదు, కోడ్ బయట ఉంది కనక మిగతావాళ్ళు అందుకున్నారు.

గణాంకాలకు ఆర్ అనే భాష ఉంది. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల్లో మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా గణాంక శాస్త్రవేత్తల వాడుక భాష అదే. అందులో రెండు నమూనాలను పోల్చేటప్పుడు ఏ పరీక్ష కావాలని అడిగే చోట ‘రావు’ అని రాయొచ్చు. ఆ రావు మన సి.ఆర్. రావు గారే. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివిన మనిషి, 1948లో ప్రచురించిన పరీక్ష అది. మన వైపు చదువుకున్నాయన పేరు ఆ సాఫ్ట్‌వేర్ లోపలే ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి క్రియాటినిన్ అంకెలు, బావి నీళ్ళ అంకెలు, వయసులు, వృత్తులు పట్టికలేసుకుని కూర్చునే స్కాలరుకు కావలసింది అదే. వంశధార, నాగావళి వరద ఎక్కడిదాకా పాకుతుందో లెక్కకట్టాలంటే అమెరికా సైన్యపు ఇంజనీర్ల సంస్థ ఉచితంగా ఇచ్చే హెక్-రాస్ ఉంది. 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానులను నమూనా కట్టి చూడ్డానికి డబ్ల్యూఆర్ఎఫ్ ఉంది. మన సమస్యలు మన గుమ్మంలోనే ఉన్నాయి, పనిముట్లు కూడా.

ఇప్పుడు డబ్బు కన్నా పెద్ద మాట. మన భాష అదృష్టం, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరకడం దాని చిన్న గుణం. లోపల ఏముందో విప్పి చూడనివ్వడం పెద్ద గుణం. గ్యాప్‌ను మొదలుపెట్టిన యోఆకిమ్ నోయ్‌బ్యూజర్ అనే ప్రొఫెసర్ వాదన ఒకటుంది. సీలో సిద్ధాంతాన్ని నిరూపణతో సహా గ్రంథాలయంలో చదువుకుని జీవితాంతం ఎవరికీ రుసుము కట్టకుండా వాడుకుంటాం. అదే ఒక ప్రోగ్రాము చేసిన లెక్క మీద ఆధారపడితే మాత్రం వాడినంత కాలం రుసుము కట్టాలి, పైగా లోపల ఏం జరిగిందో చూడకూడదు. గణితంలో ఉన్న రెండు మౌలిక మర్యాదలూ అక్కడ పోయాయని ఆయన బాధ.

అది వట్టి బాధ కాదని 2014లో తేలింది. ముగ్గురు స్పెయిన్ గణితజ్ఞులు అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రిక ‘నోటీసెస్’లో తమ అనుభవం రాశారు. పెద్ద పెద్ద పూర్ణాంకాలున్న మాత్రికకు మ్యాథమేటికా అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో డిటర్మినెంట్ కట్టమంటే తప్పు జవాబులొచ్చాయి. అదే మాత్రికకు రెండుసార్లు అడిగితే రెండు వేర్వేరు జవాబులు కూడా ఇచ్చింది. తప్పు ఎక్కడుందో చూద్దామంటే లోపలికి దారి లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తప్పులుండవని నేననను. ఉంటాయి. కానీ అక్కడ తప్పు దొరికితే వేలు పెట్టి చూపించొచ్చు, తెలిస్తే దిద్దొచ్చు. బోర్డు మీద లెక్క చేస్తుండగా వెనక బెంచీ కుర్రాడు ‘మేస్టారూ, మూడో వరుసలో గుర్తు మారింది’ అంటాడే, ఆ హక్కు వాడికి ఉంటుంది.

ఇలా అందరికీ తెరిచి ఉంచే పద్ధతి మనకు కొత్తది కాదు. మా శ్రీకాకుళం విశాఖ-ఎ కాలనీలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. ఆ పని ఒక్కడి వల్ల కాదు. ఎవరి అటకమీదో ఉన్న పాత పత్రిక, ఎవరి ట్రంకుపెట్టెలోనో ఉన్న సంపుటం ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. లోపలికి పోయి చదువుకోవచ్చు. లేని కథ మన దగ్గరుంటే ఇచ్చి రావచ్చు. ఆక్టేవ్, ఆర్, సేజ్ కట్టింది సరిగ్గా ఈ తీరునే. ఒకడు మొదలుపెట్టాడు, ఊరూరి నుంచి జనం ఇటుకలు తెచ్చారు. కథలకు అలాంటి ఇల్లు కట్టిన జిల్లా లెక్కలకు అలాంటి ఇంటిని గుర్తుపట్టలేకపోతే ఎలా?

మీ ముందు సహజంగానే కొన్ని అభ్యంతరాలు వస్తాయి. వాటిలో నిజమున్నవీ ఉన్నాయి.

ఇంజనీరింగ్ శాఖలవారు మ్యాట్‌ల్యాబ్‌కు తోడుగా వచ్చే సిమ్యులింక్‌కు సాటి లేదంటారు. చాలావరకు నిజమే. సైలాబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌కాస్ ఉంది కానీ అన్ని పనులకూ చాలదు. అలాంటి చోట అవసరమైనన్ని లైసెన్సులు దర్జాగా కొనండి. నేను కంపెనీ సరుకును వెలివేయమనడం లేదు. సేజ్‌ను విండోస్‌లో ఎక్కించడం నేటికీ తేలిక కాదన్నదీ నిజమే, లోపల లినక్స్ ఏర్పాటు చేసుకోవాలి. కంప్యూటర్ తెలిసినవారు ఒకరు పక్కనుంటే ఒక పూట పని, లేకపోతే వారం తలనొప్పి. గైడ్లకు కొత్తవి రావన్నది అన్నిటికన్నా పెద్ద నిజం. నాకూ యాభై దాటాకే వచ్చింది. శిష్యుడి దగ్గర నేర్చుకోవడానికి మొహమాటపడితే ఇంకెవరి దగ్గర నేర్చుకుంటాం?

ఊరికే వచ్చేదానికి విలువుండదన్న మాటకు మాత్రం నేనొప్పుకోను. 2019 ఏప్రిల్‌లో కృష్ణబిలం తొలి చిత్రం లోకమంతా చూసింది. దాని వెనకున్న లెక్కల్లో పైథాన్, నంపై, సైపై ఉన్నాయి. అంత దూరపు చీకటిని పట్టుకోగలిగినవి మన పలకమీద ప్రవాహాన్ని పట్టుకోలేవా?

కేంద్రం వైపు నుంచి కూడా దారి వేసే ఉంది. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు, అంటే కోడ్ బయటపెట్టిన సాఫ్ట్‌వేర్‌కు, ప్రాధాన్యమివ్వాలని 2015లోనే విధానం ప్రకటించారు. పరిశోధన పత్రికల కోసం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి 2024 నవంబరులో మూడేళ్ళకు 6,000 కోట్లు ఆమోదించారు. దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. వ్యాసం చదివే ఖర్చు తీరింది. ఆ వ్యాసంలోని లెక్కను తిరిగి చేసి చూసే పనిముట్ల సంగతి ఆ పథకంలో లేదు. ఆ ఖాళీ పూడ్చడానికి ఐఐటీ బొంబాయిలో ఫాసీ అనే ప్రాజెక్టు ఏళ్ళుగా పనిచేస్తోంది. కాలేజీ ల్యాబును సైలాబ్‌కు మార్చుకుంటామంటే తోడుంటుంది, పాఠ్యపుస్తకంలోని లెక్కలకు కోడ్ రాసి పంపిన విద్యార్థికి పారితోషికం ఇస్తుంది. దాని పక్కనే స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది. పదేసి నిమిషాల పాఠాలు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేని సీతంపేట హాస్టల్ గదిలోనూ చూసుకోవచ్చు.

కాబట్టి నేనడిగేవి ఐదు.

ఒకటి, ప్రీ-పీహెచ్‌డీ కోర్సువర్కులో చేత్తో చేసి నేర్చుకునే పేపరొకటి పెట్టండి. గణితానికి పైథాన్ లేదా ఆక్టేవ్, గణాంకాలకు ఆర్, రాతకు లేటెక్. పరీక్ష కంప్యూటర్ ముందే జరగాలి.

రెండు, ప్రాక్టికల్ ప్రశ్నపత్రాల్లోంచి కంపెనీ పేర్లు తీసేయండి. ‘రుంగే-కుట్టా పద్ధతికి ప్రోగ్రాము రాయండి’ అంటే చాలు. దేనిలో రాయాలో విద్యార్థి ఇష్టం. ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది. క్రాక్ కాపీల అవసరం సగం ఇక్కడే తీరిపోతుంది.

మూడు, లైసెన్సుల మీద మిగిలే డబ్బులో కొంత మనుషుల మీద పెట్టండి. క్యాంపస్‌కొకరిని, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నేర్పి, ఫోన్ చేస్తే పలికేవారిని నియమించండి. ఉచిత సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల చతికిలబడేది సరుకు బాగోలేక కాదు, మొదటి వారం చెయ్యిపట్టుకునే మనిషి లేక.

నాలుగు, థీసిస్‌తోపాటు దాని కోడ్ కూడా అప్పగించాలన్న నిబంధన తీసుకురండి. థీసిస్‌లు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి వెళుతున్నాయి, లెక్కలు మాత్రం స్కాలర్ లాప్‌టాప్‌తోనే పోతున్నాయి. తర్వాత వచ్చేవాడు మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతున్నాడు.

ఐదు, రెండు విశ్వవిద్యాలయాలూ కలిసి తెలుగులో ఒక చిన్న కరదీపిక అచ్చువేయించండి. ఎక్కించడం ఎలా, మొదటి లెక్క ఎలా, తప్పు సందేశం వస్తే ఏం చూడాలి, అంతే. రాయడానికి రిటైరైన మాలాంటివాళ్ళం ఉన్నాం. రుసుము అడగం.

చివరగా ఒక ఆహ్వానం. వీలున్న ఒక మధ్యాహ్నం మీ క్యాంపస్‌లోని కంప్యూటర్ ల్యాబుకు ముందు చెప్పకుండా వెళ్ళండి. ఒక స్కాలర్ పక్కన కుర్చీ వేసుకుని, బ్లాసియస్ సమస్య చేసి చూపించమనండి. మారుతాళంతో చేసినా 0.332 వస్తుంది, మన తాళంతో చేసినా 0.332 వస్తుంది. అంకెలో తేడా ఉండదు. ‘ఇది ఏ సాఫ్ట్‌వేర్ బాబూ’ అని మీరడిగినప్పుడు వాడు తలెత్తి చెబుతాడా, స్క్రీన్ కిందికి దించుతాడా అన్నదొక్కటే తేడా. ఆ తేడాను సరిచేయడం మీ సంతకం పని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మేస్టారు,
శ్రీకాకుళం.